'కట్' చెప్పే హక్కు నటులకూ ఉండాలి

ఒకప్పుడు సినిమా తీయాలంటే ఖరీదైన కెమెరా, ఫిల్ము రీళ్లు, పెద్ద లైట్లు, వాటిని నడిపే మనుషులు కావాల్సి వచ్చేది. ఇప్పుడు జేబులోని ఫోను చాలు. మాస్ కమ్యూనికేషన్ విద్యార్థులే కాదు, ఇంజనీరింగ్, డిగ్రీ, ఇంటర్ చదివే పిల్లలు కూడా పది నిమిషాల చిత్రాలు తీస్తున్నారు. ఇది సంతోషించాల్సిన మార్పే. అయితే పెద్ద సినిమా నుంచి కెమెరా ఒక్కటే విద్యార్థుల చేతికి వచ్చింది. కెమెరా పక్కనే ఉండాల్సిన ఫైట్ మాస్టర్, ఎలక్ట్రీషియన్, గజ ఈతగాడు, అంబులెన్సు రాలేదు. రైలు పట్టాలు, నది, మంట, మేడ అంచు, ఉరితాడు మాత్రం కథల్లోకి ఎప్పటిలాగే వచ్చేశాయి.

ఈ లోటును పూడ్చడానికి విద్యార్థుల దగ్గర డబ్బు లేదన్నది తరచూ వినిపించే మాట. నిజానికి విద్యార్థి చిత్రంలో నటీనటులను కాపాడే జాగ్రత్తల్లో చాలావాటికి డబ్బుతో పని లేదు. కొంచెం హైస్కూలు భౌతికశాస్త్రం, రాతపూర్వకమైన ఒక పేజీ ప్రణాళిక, 'వద్దు' అన్నవాళ్ల మాట చెల్లే ఏర్పాటు ఉంటే సరిపోతుంది. ఈ మూడూ లేని చిత్రానికి కళాశాలలు మార్కులు వేయకూడదు.

వడోద్‌లో ఒక కథ

సూరత్ నగరంలో పాండేసరా పారిశ్రామికవాడ వైపు ఉన్న ప్రాంతం వడోద్. చుట్టుపక్కల అద్దకం, ప్రింటింగు మిల్లులు, మరమగ్గాల షెడ్లు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చిన కార్మికులతో పాటు, తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు కూడా ఈ నగరంలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోందంటే ఆ సంఖ్య ఎంతో ఊహించవచ్చు.

ఇలాంటి వాడల్లో పెరిగిన విద్యార్థులు కొందరు తమ బతుకు మీద ఒక చిన్న చిత్రం తీయాలనుకున్నారని అనుకోండి. తండ్రి మగ్గం కార్మికుడు. కొడుకు చదువు మానేసి, అప్పుల్లో పడి, ఊరు విడిచిపోవాలనుకుంటాడు. కథకు కావలసినవి ఐదు సన్నివేశాలు: మరమగ్గాల షెడ్డు, రైలు పట్టాలు, తాపీ నది ఒడ్డు, పొగ కమ్మిన ఒక పీడకల, చివర్లో ఉరి. ఏ కళాశాల విద్యార్థులైనా రాసే కథే ఇది. ప్రతి సన్నివేశమూ ఆ చుట్టుపక్కలే తీయవచ్చు. ప్రతి దానిలోనూ ప్రాణం తీయగల అంశం ఒకటైనా ఉంది.

షెడ్డులో 'కట్' వినబడదు

మరమగ్గాలు నడుస్తున్న షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్లు దాటుతుంది. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అంటే దర్శకుడు ఎంత గట్టిగా 'కట్' అన్నా నటికి వినబడదు. ఆమె చున్నీ కొస తిరిగే బెల్టు వైపు జారుతోందని కెమెరా వెనకనున్న వాళ్లు చూసి అరిచినా అంతే. మాట పనిచేయని చోట కంటికి కనబడే సంకేతం ఉండాలి. ఎర్ర గుడ్డ ఊపితే, లేదా టార్చి మూడుసార్లు వెలిగిస్తే, అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగాలి. దీన్ని షూటింగుకు ముందే రెండుసార్లు సాధన చేయాలి.

ఇంకా మంచి మార్గం సెలవు రోజున, మగ్గాలు ఆగి ఉన్నప్పుడు నటులతో తీయడం. మగ్గం కదలికను నటులు లేకుండా దగ్గర నుంచి విడిగా తీసుకోవచ్చు. చప్పుడును తర్వాత కలపవచ్చు. రెండింటినీ పక్కపక్కన అతికిస్తే ప్రేక్షకుడికి తండ్రి మగ్గం నడుపుతున్నట్టే ఉంటుంది.

షెడ్డులోకి అడుగుపెట్టగానే అడగాల్సిన మొదటి ప్రశ్న 'లైటు ఎక్కడ పెడదాం' అని కాదు, 'రెండో దారి ఎక్కడుంది' అని. ఈ సంగతి సూరత్‌కు ఎవరూ నేర్పనక్కర్లేదు. 2019 మే 24న సర్థాణా ప్రాంతంలోని తక్షశిల భవనంలో మంటలు చెలరేగినప్పుడు పై అంతస్తులో శిక్షణ తరగతులకు వచ్చిన 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. కిందికి దిగే దారి పొగతో మూసుకుపోవడంతో కొందరు పైనుంచి దూకేశారు. నూలు, గుడ్డ, రంగులు నిల్వ ఉన్న షెడ్డులో ఒక హాలోజన్ లైటు గుడ్డకు ఆనుకుని వేడెక్కితే అదే పరిస్థితి వస్తుంది.

మిల్లుల మురుగు కలిసే వాగుల్ని సూరత్‌లో 'ఖాడీ' అంటారు. పాడుబడిన లొకేషన్‌లా కనిపించే ఖాడీ గట్టు కెమెరాకు బాగుంటుంది. 2022 జనవరి 6న సూరత్‌లోనే సచిన్ పారిశ్రామికవాడ దగ్గర ఒక ట్యాంకరు నుంచి అక్రమంగా ఖాడీలోకి వదిలిన రసాయనాల వల్ల విషవాయువు వెలువడి ఆరుగురు కార్మికులు చనిపోయారు. విషవాయువు కెమెరాలో కనబడదు. అలాంటి చోట నేల మీద పడుకుని నటించమని ఎవరినీ అడగకూడదు.

పట్టాల మీద లెక్క

విద్యార్థి చిత్రాల్లో రైలు పట్టాల సన్నివేశం లేనిది అరుదు. సూరత్ మీదుగా వెళ్లేది ముంబయి–అహ్మదాబాద్ ప్రధాన మార్గం. దేశంలో బాగా రద్దీ ఉన్న మార్గాల్లో ఒకటి. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 36 మీటర్లు కదులుతుంది. మలుపు కారణంగా 500 మీటర్ల దూరంలో మాత్రమే రైలు కనబడిందనుకుంటే, నటుడి దగ్గర మిగిలిన సమయం 14 సెకన్లు. ఆ వేగంలో ఉన్న రైలు ఆగడానికి దాదాపు కిలోమీటరు పడుతుంది కాబట్టి, లోకో పైలట్ చూసి బ్రేకు వేసినా ప్రయోజనం ఉండదు. విద్యుత్ ఇంజన్లు ఎదురుగా వస్తున్నప్పుడు చప్పుడు కూడా దగ్గరయ్యేదాకా పెద్దగా తెలియదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పాత్ర అయితే అసలే తెలియదు.

14 సెకన్లు పారిపోవడానికి చాలనిపిస్తుంది. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియాలో 'మిడ్‌నైట్ రైడర్' సినిమా బృందం ఒక రైల్వే వంతెన మీద మంచం వేసి సన్నివేశం తీస్తోంది. పట్టాల మీద తీయడానికి రైల్వే సంస్థ అనుమతి లేదు. రెండు రైళ్లు వెళ్లిపోయాయి, ఇక రావనుకున్నారు. ఒకవేళ మరో రైలు వస్తే తప్పుకోవడానికి ఒక నిమిషం ఉంటుందని బృందానికి చెప్పారు. మూడో రైలు వచ్చింది. మంచం పట్టాల మీదే ఉండిపోయింది. 27 ఏళ్ల కెమెరా అసిస్టెంట్ సారా జోన్స్ మరణించింది. మరికొందరు గాయపడ్డారు. మరుసటి ఏడాది ఆ సినిమా దర్శకుడు కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు. వాళ్లంతా అనుభవం ఉన్నవాళ్లు.

మన దేశంలో 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లడమే శిక్షార్హం. ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. ఇది చట్టం సంగతి. సినిమా సంగతి వేరే ఉంది. పట్టాల దగ్గరికి వెళ్లకుండానే పట్టాల మీద ఉన్నట్టు చూపించడం కటకాల శాస్త్రానికి తేలిక. టెలిఫోటో లెన్సుతో దూరం నుంచి తీస్తే ముందున్న మనిషికీ వెనకనున్న వస్తువుకూ మధ్య ఎడం కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. కంచెకు ఇవతల, పట్టాలకు ఎంతో దూరంలో నిలబడిన నటుడు, వెనక దూసుకుపోతున్న రైలు ఒకే చట్రంలో పక్కపక్కన ఉన్నట్టు పడతాయి. ప్రేక్షకుడి గుండె అదురుతుంది, నటుడి గుండె మామూలుగానే కొట్టుకుంటుంది.

నీరు ఎవరు వదిలారు?

నీటి దగ్గర ఫోటోలు, వీడియోలు ఎంత ప్రమాదమో చెప్పే లెక్క ఒకటి 2018లో వచ్చింది. ఎయిమ్స్ పరిశోధకులు 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా ప్రపంచవ్యాప్తంగా వార్తల్లో వచ్చిన సెల్ఫీ మరణాలను లెక్కించారు. 137 సంఘటనల్లో 259 మంది చనిపోయినట్టు తేలింది. దేశాల్లో మొదటి స్థానం భారత్‌ది, కారణాల్లో మొదటి స్థానం నీట మునగడానిది.

తెలుగువాళ్లు మరచిపోలేని ఘటన 2014 జూన్ 8న జరిగింది. విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీదికి దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ డ్యాం నుంచి నీరు వదిలారు. నిమిషాల్లో నది పొంగి 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు నిలబడినప్పుడు నీరు పాదాల దగ్గరే ఉంది. నది తీరు చూసి ప్రమాదాన్ని అంచనా వేయడం సాధ్యం కాని పరిస్థితి అది. దాన్ని తెలుసుకునే దారి ఒక్కటే: డ్యాం అధికారులను అడగడం.

సూరత్‌లో తాపీ నదిదీ అదే తీరు. దాదాపు 100 కిలోమీటర్ల ఎగువన ఉకాయ్ డ్యాం ఉంది. 2006 ఆగస్టులో అక్కడి నుంచి వదిలిన నీటితోనే నగరంలో అధిక భాగం మునిగింది. దిగువన సముద్రపు పోటు ప్రభావం వేరు. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల తేడా దేశంలోనే ఎక్కువ. ఉదయం ఆరిన బురద నేలగా కనిపించిన చోటు మధ్యాహ్నానికి నీళ్ల కింద ఉండవచ్చు. నీటి వేగం రెట్టింపైతే అది కాళ్ల మీద చూపే బలం నాలుగింతలవుతుంది. మోకాలి లోతులో నిలబడిన మనిషి కూడా తూలి పడతాడు.

నటుడికి ఈత వచ్చా రాదా అన్నది నేరుగా అడగాల్సిన ప్రశ్న. 'కొంచెం వచ్చు' అన్న జవాబును 'రాదు' అనే లెక్కలో వేసుకోవాలి. 2016 నవంబరు 7న బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలో 'మాస్తి గుడి' కన్నడ సినిమా పతాక సన్నివేశం కోసం హెలికాప్టరు నుంచి నీటిలోకి దూకిన ఇద్దరు నటులు మునిగిపోయారు. వాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు. వెండితెర మీద బలశాలులుగా కనిపించే దేహదారుఢ్యం ఉన్నవాళ్లే ఇద్దరూ. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణీ చెరువులో పడవ బోల్తాపడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించిన ఘటనలోనూ లైఫ్ జాకెట్లు అందరికీ లేవు. కండబలం, సాహసం, నీళ్లు లోతు లేవన్న నమ్మకం, ఇవేవీ లైఫ్ జాకెట్‌కు బదులు కావు.

పొగ, పతనం, ఉరి

పీడకల సన్నివేశానికి తెల్లటి పొగ కావాలి. అందుకు చాలామంది వాడేది డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. ఒక కిలో డ్రై ఐస్ ఆవిరైతే దాదాపు 540 లీటర్ల వాయువు వస్తుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది పరిమాణం సుమారు 28 ఘనపు మీటర్లు. తలుపులు మూసిన అలాంటి గదిలో రెండు కిలోలు వాడితే గాలిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు నాలుగు శాతానికి చేరుతుంది. అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ 'ప్రాణానికి తక్షణ ప్రమాదం' అని గీసిన గీత సరిగ్గా అదే.

ఇంకో చిక్కు ఉంది. ఈ వాయువు గాలి కన్నా బరువైనది, నేల దగ్గర పేరుకుంటుంది. కెమెరామన్ నిలబడి ఉంటాడు కాబట్టి అతనికి ఏమీ అనిపించదు. నేల మీద నిద్రపోతున్నట్టు, చనిపోయినట్టు నటిస్తున్న మనిషికే ముందుగా అందుతుంది. పైగా అతని పాత్ర కదలకుండా ఉండటమే. నటిస్తున్నాడో, స్పృహ తప్పాడో చూసేవాళ్లకు తెలియదు. 2020 ఫిబ్రవరిలో మాస్కోలో ఒక వేడుకలో ఈత కొలనులో డ్రై ఐస్ పోసినందుకు ముగ్గురు చనిపోయారు. పొగ కావాలంటే తలుపులు, కిటికీలు తెరిచి, తక్కువ మోతాదులో, నటుడు నిలబడి ఉన్నప్పుడు తీయాలి. లేదంటే ఎడిటింగులో కలుపుకోవాలి.

పడిపోవడం, దూకడం ఇంకా మామూలుగా రాసే సన్నివేశాలు. ఆరున్నర అడుగుల గోడ మీది నుంచి దూకిన మనిషి నేలను తాకేటప్పటి వేగం గంటకు 22 కిలోమీటర్లు. గట్టి నేల ఆ వేగాన్ని రెండు సెంటీమీటర్లలో ఆపేస్తే, శరీరం మీద పడే తాకిడి గురుత్వానికి సుమారు 100 రెట్లు. అడుగు మందం పరుపు నెమ్మదిగా నొక్కుకుపోతూ ఆపితే ఏడెనిమిది రెట్లు. నేలకూ పరుపుకూ ఉన్న ఈ తేడాయే విరిగిన మడమకూ నవ్వుతూ లేచే నటుడికీ మధ్య తేడా. పక్కింటి నుంచి రెండు పరుపులు అడిగి తేవడం ఏ బడ్జెట్‌లోనైనా పడుతుంది.

చెంపదెబ్బ సంగతీ అంతే. 'నిజంగానే కొట్టు, అప్పుడే సహజంగా వస్తుంది' అనే సలహా షూటింగుల్లో వినిపిస్తూనే ఉంటుంది. అరచేయి చెవి మీద పడితే అక్కడ చిక్కిన గాలి ఒత్తిడికి కర్ణభేరి చిరగవచ్చు. చెవి-ముక్కు-గొంతు వైద్యులకు బాగా తెలిసిన గాయం ఇది. చేయి ముఖానికి జానెడు దూరంలో పోనిచ్చి, కెమెరాను పక్క కోణంలో పెట్టి, చప్పుడు తర్వాత వేస్తే చాలు.

చివరిది ఉరి. ఇక్కడ మధ్యేమార్గం లేదు. మెడకు తాడు తగిలే ఏ ఏర్పాటూ విద్యార్థి చిత్రంలో ఉండకూడదు, స్టూలు ఎంత గట్టిదైనా, ముడి ఎంత వదులైనా సరే. ఇలాంటి చోట కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పవచ్చు, సాయం కోసం పిలిచే వ్యవధి కూడా ఉండదు. 2022 అక్టోబరులో కర్ణాటకలోని చిత్రదుర్గలో పాఠశాల నాటకం కోసం భగత్‌సింగ్ పాత్రను ఇంట్లో ఒంటరిగా సాధన చేస్తున్న 12 ఏళ్ల బాలుడు ఇలాగే ప్రాణాలు కోల్పోయాడు.

సినిమా కళ ఈ సమస్యకు పుట్టిన కొత్తలోనే జవాబు కనిపెట్టింది. 1895లో ఎడిసన్ సంస్థ స్కాట్లాండు రాణి మేరీ శిరచ్ఛేదం మీద ఒక చిన్న చిత్రం తీసింది. నటుడు తల వంచగానే కెమెరా ఆపారు. అందరూ కదలకుండా నిలబడ్డారు. నటుడి స్థానంలో బొమ్మను పెట్టి మళ్లీ కెమెరా తిప్పారు. గొడ్డలి బొమ్మ మీద పడింది. 130 ఏళ్ల కింద, ఎడిటింగు సాఫ్ట్‌వేర్ పేరు కూడా తెలియని రోజుల్లో సాధ్యమైన పని నేటి విద్యార్థికి కష్టం కాదు. ఖాళీ స్టూలు, తలుపు తట్టే తల్లి చేయి, ఆగిపోయిన మగ్గం చాలు, ప్రేక్షకుడికి అంతా అర్థమవుతుంది. ఆత్మహత్య పద్ధతిని తెర మీద వివరంగా చూపకపోవడం చూసేవాళ్లకూ మేలే.

మొహమాటమే అసలు ప్రమాదం

ఈ లెక్కలేవీ విద్యార్థులకు తెలియనివి కావు. ఎక్కువ భాగం పదో తరగతి, ఇంటర్ పుస్తకాల్లోనివే. అయినా ప్రమాదాలు జరుగుతున్నాయంటే కారణం లెక్క రాకపోవడం కాదు, లెక్క చెప్పే వాతావరణం లేకపోవడం.

విద్యార్థి చిత్రంలో నటించేది ఎవరు? తోటి విద్యార్థి, జూనియర్, హాస్టల్ స్నేహితుడు, వీధిలోని పిల్లవాడు, చుట్టాలమ్మాయి. డబ్బు ఇవ్వరు, ఒప్పందం ఉండదు. వాళ్లను అక్కడికి తెచ్చింది స్నేహం, వాళ్లను కాదనలేకుండా చేసేది మొహమాటం. 'అన్నా, భయమేస్తోంది' అని జూనియర్ అంటే, 'ఒక్క టేకేరా, వెలుతురు పోతోంది' అని సీనియర్ అంటాడు. అక్కడితో చర్చ ముగుస్తుంది. జీతం తీసుకునే నటుడికి యూనియన్ ఉంటుంది, ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చు. స్నేహితుడు వెళ్లిపోతే స్నేహం పోతుంది.

నటన స్వభావం కూడా ఇందుకు తోడవుతుంది. షూటింగులో ఉన్న అందరిలో చుట్టూ చూసే వీలు లేనిది నటుడికే. అతని చూపు ఎక్కడుండాలో, ఎటు కదలాలో, ఎప్పుడు ఆగాలో దర్శకుడు ముందే నిర్ణయించి ఉంటాడు. వెనక వస్తున్న రైలు, జారుతున్న లైటు స్టాండు, పైనున్న కరెంటు తీగ అతనికి కనబడవు. కనబడితే నటన చెడిందంటారు. 2021 ఆగస్టులో బెంగళూరు దగ్గర బిడదిలో ఒక కన్నడ సినిమా షూటింగులో క్రేను హైటెన్షన్ తీగకు తగలడంతో ఒక ఫైటర్ చనిపోయాడు. తాడుకు కట్టి ఉన్న మనిషి తీగను చూసుకోవాలని ఎవరూ ఆశించకూడదు. మరొకరి కళ్లు అతని కోసం పనిచేయాలి.

ఆ కళ్లు దర్శకుడివి కాకూడదు. దర్శకుడు మంచివాడు కాడని కాదు. షాటు బాగా రావాలన్న ఆరాటం ఉన్నవాడికి ప్రమాదం చిన్నదిగా కనిపించడం సహజం. ఇంటి పెద్ద పేకాటలో ఉండగా ఇంటి ఖర్చు లెక్క ఆయనకే అప్పగించనట్టే, ఆపే అధికారం షాటు మీద ఆశ లేని మనిషికి ఉండాలి.

అలసట ఇంకొక కనబడని పాత్ర. పగలు తరగతులకు వెళ్లి రాత్రంతా షూటింగు చేయడం విద్యార్థులకు మామూలు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. మన దేశంలో వాహనం నడపడానికి చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. అంటే ఉదయం ఆరుకు లేచి రాత్రి పదకొండుకు 'ప్యాకప్' విన్న నటుడు బైకు తీసి ఇంటికి బయలుదేరితే, తాగకుండానే ఆ హద్దు దాటినట్టు. అదే ఏడాది హాలీవుడ్‌లో 'ప్లెజెంట్‌విల్' సినిమాకు 19 గంటలు పనిచేసి కారులో ఇంటికి వెళ్తున్న ఒక కెమెరా సహాయకుడు దారిలో ప్రమాదానికి గురై చనిపోయాడు. ఇంటికి క్షేమంగా చేరేదాకా షూటింగు ముగియనట్టే లెక్క.

నియమాల పుస్తకం ఒక్కటే చాలదు

కళాశాలలు ఒక నియమావళి అచ్చువేసి చేతులు దులుపుకోవడం సరిపోదు. 2022 ఏప్రిల్ 15న కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ కౌంటీ ఇసుక తిన్నెల్లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా విద్యార్థి చిత్రం షూటింగు జరుగుతుండగా వాహనం బోల్తాపడింది. కెమెరా బాధ్యతలు చూస్తున్న మరో విశ్వవిద్యాలయ విద్యార్థి మరణించాడు. ప్రపంచంలోనే పేరున్న సినిమా పాఠశాలల్లో అదొకటి. నియమం పుస్తకంలో ఉండటం వేరు, ఇసుకలో నిలబడి 'వద్దు' అనే మనిషి ఉండటం వేరు.

మన దేశ చట్టాల్లో విద్యార్థి చిత్రం ఎక్కడా సరిగ్గా ఇమడదు. సినిమా కార్మికుల కోసం 1981లో వచ్చిన చట్టం జీతానికి పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నది. మార్కుల కోసం నటించే స్నేహితుడు కార్మికుడు కాడు. అలాగని ఎవరికీ బాధ్యత లేదనుకోవడం పొరపాటు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. అందుకు దర్శకుడు విద్యార్థి కావడం మినహాయింపు కాదు.

పిల్లల విషయంలో మాత్రం స్పష్టమైన నిబంధనలే ఉన్నాయి. బాలకార్మిక నిషేధ చట్టం కింద 2017లో సవరించిన నియమాల ప్రకారం దృశ్య శ్రవణ చిత్రాల్లో బాలల్ని నటింపజేయాలంటే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలకు మించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వీధిలో ఆడుకునే పిల్లవాణ్ణి పిలిచి సాయంత్రం దాకా ఎండలో పరుగెత్తించే విద్యార్థి బృందాలు ఈ గీతను గుర్తుంచుకోవాలి.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. స్క్రిప్టుతో పాటు ఒక పేజీ భద్రతా పత్రం ఇవ్వడం తప్పనిసరి చేయాలి. అందులో ప్రతి సన్నివేశానికీ నాలుగు సంగతులు ఉంటే చాలు: ఏం జరిగే ప్రమాదం ఉంది, దాన్ని ఎలా తప్పిస్తారు, ఎవరి అనుమతి తీసుకున్నారు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం. నీరు, ఎత్తు, మంట, వాహనం, ఆయుధం, కరెంటు, జంతువు, పిల్లలు ఉన్న సన్నివేశాన్ని అధ్యాపకుడు సంతకం పెట్టాకే తీయాలి. బొమ్మ తుపాకీ వాడినా స్థానిక పోలీసు స్టేషనుకు ముందే చెప్పాలి. జనరేటరు, లైట్లు వాడే చోట 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాలి. 230 వోల్టుల దగ్గర తడి ఒంటి మీదుగా పోయే కరెంటు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ప్రతి బృందంలో ఒకరు భద్రత మాత్రమే చూడాలి. కెమెరా పట్టకూడదు, నటించకూడదు, దర్శకుడి మాట వినాల్సిన అవసరమూ ఉండకూడదు. వీలైతే వేరే బృందం నుంచి రావాలి. ఈ బృందం వాళ్లు ఆ బృందానికి, ఆ బృందం వాళ్లు ఈ బృందానికి కాపలా కాస్తే ఖర్చు సున్నా. ఆ మనిషి ఫోనులో 108 నంబరు ఉండాలి, చేతిలో ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలై రెండేళ్లలో గుజరాత్‌కూ చేరిన ఈ అంబులెన్సు సేవ ఉచితమే. లొకేషన్‌కు దారి చెప్పడానికి ముందే ఒక గుర్తు అనుకుని ఉంటే విలువైన నిమిషాలు మిగులుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, 'కట్' అనే మాట దర్శకుడి సొత్తు కాకూడదు. నటుడు అన్నా, లైటు పట్టుకున్న కుర్రాడు అన్నా కెమెరా ఆగాలి. ఎందుకు అన్నావని ఆ క్షణంలో ఎవరూ అడగకూడదు. షాటు పోయిందని ఎగతాళి చేయకూడదు. షూటింగు మొదటి రోజు ఉదయం దర్శకుడే ఈ మాట అందరి ముందూ చెప్పాలి. పెద్దవాళ్లు నోరు తెరిచి అనుమతి ఇస్తే తప్ప చిన్నవాళ్ల మొహమాటం తీరదు. ముట్టుకోవడం, కౌగిలించుకోవడం, దుస్తులు మార్చుకోవడం ఉన్న సన్నివేశాల్లో అమ్మాయిలకు ఈ హక్కు మరీ అవసరం. ఎంతవరకు, ఎలా అన్నది ముందే మాట్లాడుకుని రాసుకోవాలి.

ఇలా చేస్తే సహజత్వం పోతుందని, కళకు సంకెళ్లు పడతాయని కొందరు అంటారు. భయం లేని నటుడే బాగా నటిస్తాడన్నది నాటక రంగంలో ఉన్న ఎవరిని అడిగినా చెప్పే మాట. పడితే పరుపు ఉందని తెలిసినవాడు నిస్సంకోచంగా పడతాడు. తెలియనివాడు పడేముందు ఒక్క క్షణం ఒళ్లు బిగుస్తాడు, ఆ బిగింపు తెర మీద కనబడుతుంది. నిజమైన ప్రమాదాన్ని చిత్రీకరించడానికి ధైర్యం ఉంటే సరిపోతుంది. లేని ప్రమాదాన్ని ఉన్నట్టు నమ్మించడానికి దర్శకత్వం తెలియాలి. మార్కులు వేయాల్సింది ఈ రెండోదానికి.

సినిమా కోర్సు ఉన్న ప్రతి కళాశాలా వచ్చే విద్యా సంవత్సరం నుంచి మూల్యాంకనంలో పది మార్కులు భద్రతా పత్రానికి కేటాయించవచ్చు. ప్రమాదకరంగా తీసినట్టు తేలిన చిత్రాన్ని ఎంత అందంగా ఉన్నా తిప్పి పంపవచ్చు. షార్ట్ ఫిల్మ్ పోటీల నిర్వాహకులు కూడా ఇదే షరతు పెట్టవచ్చు. బహుమతి రాదని తెలిస్తే పట్టాల మీద పడుకోబెట్టే దర్శకులు తగ్గుతారు. వడోద్‌లోని మగ్గం కార్మికుడి కొడుకు కథ తెర మీదికి రావాలి. ఆ కథలో నటించిన ప్రతి ఒక్కరూ దాన్ని కూర్చుని చూడాలి.